ఎనభై ఎనిమిదో అంకెవాడు

బహ్రెయిన్,
18 జూన్ 2000

ఢిల్లీరావు బావకు అప్పలరాజు నమస్కారం.

ఇక్కడ ఎండ తప్ప నాకే ఇబ్బందీ లేదు. నేను అమెరికావాళ్ళ పిల్లలు చదివే బడిలో ఆటస్థలం పని చూస్తున్నానని నీ చెల్లెలు కన్నమ్మ చెప్పే ఉంటుంది. పొద్దున్నే సున్నపు బండి తోసుకుంటూ ఐదేసి గజాలకొక తెల్లగీత గీస్తాను. ఆట రోజున పది గజాల గొలుసు కొస పట్టుకుని అంచున నిలబడతాను. ఆట పేరు ఫుట్‌బాల్. కాని కాలితో తన్నేది తక్కువ. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తుతారు, ఒకరి మీద ఒకరు పడతారు, ఉన్నట్టుండి ముందుకు విసురుతారు. బంతి ఒలిచిన కొబ్బరికాయలా రెండు కొసలా మొనతేలి ఉంటుంది.

అసలు సంగతి ఇది. అక్టోబరు ఆఖరుకి కంట్రాక్టరు ఇక్కడ పనిచేసే మా ఆరుగురిలో ఐదుగురిని ఇంటికి పంపేస్తాడు. మిగిలే ఆ ఒక్కడిని బడివాళ్ళు సొంతంగా పెట్టుకుంటారట, గీత దగ్గర నిలబడి తప్పొప్పులు చూడడానికి. ఆటల మాస్టారు హాల్ గారు నన్ను పిలిచి, "రాజూ, నువ్వు రెప్ప వెయ్యకుండా చూస్తావు. ఆ చూపు నాకు కావాలి" అన్నారు. సెప్టెంబరులో కాగితం పరీక్ష. అది గట్టెక్కితే అక్టోబరులో ఒక ఆటకి నిలబెట్టి చూస్తారు.

గొలుసు సంగతీ, గీతల సంగతీ నాకు తెలుసు. బంతిని ముందుకు విసిరినప్పుడు ఎవడు పట్టుకోవచ్చు, ఎవడు పట్టుకోకూడదు అన్నది మాత్రం బుర్రకెక్కడం లేదు. హాల్ మాస్టారు చెబుతూనే ఉంటారు, ఆయన ఇంగ్లీషు నాకంటే వేగంగా పరిగెత్తుతుంది. ఆ నాలుగు పుటలూ జిరాక్సు తీయించి దీంతో పంపుతున్నాను. మన ఇళ్ళలో బి.ఏ. చదివింది నువ్వొక్కడివే. తెలుగులో విప్పి రాయి బావా.

కన్నమ్మకి ఈ తీసివేతల గొడవ చెప్పకు.

నీ
అప్పలరాజు


పలాస,
3 జూలై 2000

బావ అప్పలరాజుకు,

నీ ఉత్తరము, జిరాక్సు పుటలు చేరినవి. జీడిపప్పు కర్మాగారంలో హాజరు పుస్తకం మూసిన తరువాత మూడు సాయంకాలాలు నిఘంటువు దగ్గర పెట్టుకుని చదివాను. విషయం కఠినమైనదే గాని, పద్ధతిగా చదివేవానికి లొంగనిది కాదు.

ఒక్కొక్క పక్షాన పదకొండుగురు ఉంటారు. బంతి కదలకముందు, బంతి ఎవరి వద్ద ఉన్నదో ఆ పక్షంవారిలో కనీసం ఏడుగురు గీత వెంబడి వరుసగా నిలవాలి. తక్కినవారు వెనుక నిలుస్తారు. వరుసలోని ఐదుగురి చొక్కాల మీద యాభై మొదలు డెబ్భై తొమ్మిది లోపు అంకెలుంటాయి. ఈ ఐదుగురి పని ఎదుటివారిని అడ్డుకొనుట మాత్రమే. ముందుకు విసిరిన బంతిని వారు పట్టరాదు. బంతి గాలిలోకి లేచేవరకు గీత దాటి దూరం పోనూరాదు. అయితే ఎదుటి పక్షంవాడు ఎవడైనా ఆ బంతిని తాకిన క్షణం నుండి అందరూ అర్హులే.

ఇక అర్హులు ఎవరన్నది నీకు సులభంగా తెలియుటకు మన అలివి వలను తలచుకో. పడవ వలను చుట్టి వచ్చిన తరువాత ఒడ్డున రెండు తాళ్ళు పట్టి మన పేటంతా లాగుతుంది. వలలో పేరున్నవాడు తాడు మొదట నిలిచినా, నడుమ నిలిచినా వాని వాటా వానిదే. పేరు లేక చేయి వేసినవానికి కూర చేపలు నాలుగు. ఇక్కడ చొక్కా మీది అంకెయే పేరు. ఒకటి నుండి నలభై తొమ్మిది, ఎనభై నుండి తొంభై తొమ్మిది అంకెలవారు ఎక్కడ నిలిచినా బంతి పట్టవచ్చును. పదకొండుగురిలో ఐదుగురిని తీసివేస్తే ఆరుగురు. పుస్తకంలోనూ ఆరుగురనే ఉన్నది. లెక్క సరిపోయినది.

నాలుగో పుటలో "వరుస చివర" అనే మాట వస్తుంది. వారు సాధారణంగా నిలిచే చోటును తెలుపుటకే అది. దానిని గురించి నీవు తల బద్దలు కొట్టుకోనక్కరలేదు.

ఈ ఉత్తరమును భద్రపరచుకొని రోజుకొకసారి చదువుము.

ఢిల్లీరావు


బహ్రెయిన్,
24 జూలై 2000

బావా,

నీ ఉత్తరం మడతలు చిరిగేదాకా చదివాను. అలివి వల పేరెత్తేసరికి సగం భయం పోయింది. అంకెలన్నీ నోటికొచ్చేశాయి.

ఒక్క సందేహం. నాతో గదిలో ఉండే కేరళ మనిషి ప్రేమ్‌కుమార్ ఈ బడిలో ఎనిమిదేళ్ళుగా సామాన్ల గది చూస్తున్నాడు, ఆటలన్నీ చూశాడు. వాడంటాడూ, "88 అంకెవాడు వరుస చివర ఉంటే సరే. వాడికి అవతల ఇంకొకడు వచ్చి అదే వరుసలో నిలబడితే, 88 వాడు ఇక చివరివాడు కాడు. అప్పుడు బంతి పట్టుకోకూడదు" అని. అంకె మంచిదే అయినా సరేనట. పక్కన ఒకడొచ్చి నిలబడితే వీడి అర్హత పోవడమేమిటి? వాడు చదివింది పదో తరగతే. ఏది నిజమో రాయి.

ఇంకొకటి కూడా రాయాలి. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

పోయిన అక్టోబరు తుపానుకి ముందు రోజు మా అన్న కూర్మయ్య, నేను ఒకే నావలో ఉన్నామని నీకు తెలుసు. ఒడ్డు కనిపిస్తుండగా తిరగబడింది. అన్న చెయ్యి నా చేతిలో ఉంది. తర్వాత లేదు. జారిందో, నేనే వదిలానో నాకు తెలియదు బావా. ఎంత తలచుకున్నా ఆ ఒక్క క్షణం కనిపించదు. అప్పటి నుంచి మోకాలి లోతు నీళ్ళలో దిగినా ఊపిరి ఆగిపోతోంది. సంపాదనకి వచ్చానని అందరూ అనుకుంటున్నారు. నేను సంద్రాన్ని తప్పించుకోడానికి వచ్చాను. ఈ పని పోతే పేటకి రావాలి. పేటకొస్తే నావ ఎక్కాలి. నాకు వేరే పని రాదు, మగాడినై ఉండి ఒడ్డున కూర్చుంటే మనవాళ్ళు ఊరుకోరు.

అందుకే ఈ పరీక్ష.

అప్పలరాజు


పలాస,
9 ఆగస్టు 2000

అప్పలరాజుకు,

కూర్మయ్యను గురించి నీవు రాసినది రెండుసార్లు చదివి పెట్టెలో పెట్టాను. ఎవరికీ చెప్పను. అటువంటి సమయాన ఎవరి చేయి ఎవరు వదిలినారన్న విచారణ మనుషులు చేయదగినది కాదు. నీవు ధైర్యంగా ఉండుము. ఇంతకంటె ఏమి రాయాలో నాకు తెలియుట లేదు.

ఇక నీ సందేహము. నేను పగలంతా నాలుగు వందలమంది పనివారి హాజరు వేసి, రాత్రిబడిలో పదో తరగతి, ఆపైన ముప్ఫై ఎనిమిదో ఏట బి.ఏ. పూర్తి చేసినవాడిని. ఒక పుస్తకంలోని నాలుగు పుటలు చదివి అర్థం చెప్పగలనన్న నమ్మకం నాకున్నది. నీకు లేనియెడల సామాన్ల గది చూచే ప్రేమ్‌కుమార్‌నే గురువుగా పెట్టుకొనవచ్చును. ఒకనికి న్యాయంగా సంక్రమించిన అర్హత, పక్కన మరొకడు వచ్చి నిలిచినంత మాత్రాన పోవుట ఏ ధర్మంలోనూ లేదు. 88 అంకెవాడు అర్హుడు. ఈ విషయమై ఇక చర్చ అనవసరము.

ఆదివారం కన్నమ్మ వచ్చినది.

"అన్నియ్యా, ఆయన నీకు ఏటేటో రాత్తన్నాడట. నాకు సెప్పకుండా దాసేత్తన్నారు మీరిద్దరూ."

"ఏదో ఆట గురించి అడిగాడమ్మా."

"నలబై ఏళ్ళొచ్చినాక ఆటలేటి! సిగ్గు నేదా ఆయనకి? నేనిక్కడ సేపల గంప మోసి మెడ వంకరైపోతంటే!" అని నవ్వినది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకొన్నది. నేను చూడనట్టు ఉన్నాను.

ఢిల్లీరావు


బహ్రెయిన్,
12 సెప్టెంబరు 2000

బావా,

గట్టెక్కాను! ఇరవై ఐదు ప్రశ్నలకి పంతొమ్మిది వచ్చాయి. పదిహేడు చాలునట. పోయిన ఆరూ ఏవో చెప్పలేదు. కొన్ని గొలుసువి, కొన్ని గడియారంవి అయ్యుంటాయి. 88 ప్రశ్న కూడా వచ్చింది, బొమ్మ వేసి మరీ. నువ్వు చెప్పినట్టే "అర్హుడు" దగ్గర టిక్కు పెట్టాను. రెండోసారి చూసుకోలేదు.

హాల్ మాస్టారు నా భుజం తట్టి, "ఇంగ్లీషు రానివాడివి ఇదంతా ఎలా నేర్చుకున్నావు?" అన్నారు. "మా బావ బి.ఏ." అన్నాను. ఆయన నవ్వి, "మీ బావ ఇక్కడుంటే ఆయన్నే పెట్టుకునేవాణ్ణి" అన్నారు.

అక్టోబరు పదమూడున ఆట. అది సవ్యంగా జరిగితే కాగితం మీద సంతకమే. నిన్న రాత్రి చాలా కాలానికి ఒళ్ళెరగకుండా నిద్రపోయాను.

అప్పలరాజు


పలాస,
26 సెప్టెంబరు 2000

బావ అప్పలరాజుకు,

నీ విజయమునకు సంతోషము. నీ ఉత్తరమును కర్మాగారంలో భోజనాల వేళ చదివి వినిపించాను. బాయిలరు దగ్గర పనిచేసే అప్పన్న, "బాబో! మన గుమస్తాగోరు అమెరికావోళ్ళకే పాటం సెప్పేత్తన్నారు. రేపటేల నుంచి మన్నేటి లెక్క సేత్తారు?" అన్నాడు. పప్పు ఒలిచే ఆడవాళ్ళందరూ నవ్వినారు.

ఒక చిన్నమాట. వీలు చిక్కినప్పుడు ఆ నాలుగో పుటను మీ మాస్టారుగారి చేత మరియొకసారి చదివించుకొనుట మంచిది. నా వివరణలో లోపమున్నదని కాదు. స్థలాన్ని బట్టి ఆచారములు కొంత మారుతూ ఉండవచ్చును గనుక ఈ సూచన.

ఆరోగ్యం జాగ్రత్త.

ఢిల్లీరావు


బహ్రెయిన్,
19 అక్టోబరు 2000

బావా,

ఆట అయిపోయింది. పని పోయింది.

మన బడి వాళ్ళు నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నారు. ఒక నిమిషం కూడా లేదు. 88 అంకెవాడు వరుసలో నా ఎదురుగా నిలబడ్డాడు. వాడి అవతల, నాకు ఇంకా దగ్గరగా, 81 వాడు అదే వరుసలో వచ్చి నిలబడ్డాడు. అచ్చం పరీక్షలో వేసిన బొమ్మే. నాకు సంతోషమేసింది, ఇది నాకు తెలుసు కదా అని. బంతి విసిరారు. 88 వాడు గాలిలోకి లేచి పట్టుకుని చివరి గీత దాటేశాడు. జేబులోని పసుపు గుడ్డ పారేసి తప్పు చూపించాల్సింది నేను. ఆ వైపు చూపు నాదే. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అవతలి బడి మాస్టారు టోపీ నేలకేసి కొట్టి పరిగెత్తుకొచ్చాడు. పెద్ద తీర్పరి నా దగ్గరకొచ్చి, "88 చివర ఉన్నాడా?" అని అడిగాడు. "లేడు, కాని అంకె మంచిదే" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. బంతిని వెనక్కి తెచ్చి ఆ పాయింట్లు కొట్టేశారు. మన పిల్లలు ఓడిపోయారు. ఆ 88 వాడు గీత మీద కూర్చుని ఏడుస్తున్నాడు. పద్ధతి నాకే తెలిసి ఉంటే, ఆట మొదట్లోనే మాస్టారికి చెప్పేవాణ్ణి, వాణ్ణి ఒకడుగు వెనక్కి నిలబెట్టేవారు.

హాల్ మాస్టారు సాయంత్రం గదికి పిలిచారు. కోపం లేదు, అదే కష్టం. "రాజూ, ఇది నీకెవరు చెప్పారు?" అన్నారు. నీ ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది. "నేనే తప్పు చదువుకున్నాను" అన్నాను.

నీ మూడో ఉత్తరం ఆటకి మూడు రోజుల ముందే అందింది. నాలుగో పుట అడుగుదామని మాస్టారి గది దాకా వెళ్ళాను కూడా. లోపం లేదని నువ్వే రాశావు కదా, అడిగితే నిన్ను నమ్మనట్టే కదా అనుకుని తిరిగొచ్చేశాను. ప్రేమ్‌కుమార్ అయితే "వెళ్ళి అడుగు, అడుగు" అని పోరుతూనే ఉన్నాడు. "మా బావకంటే నీకు తెలుసా?" అని వాడి మీద అరిచాను.

నవంబరు ఇరవైన విమానం.

అప్పలరాజు


పలాస,
2 నవంబరు 2000

అప్పలరాజుకు,

ఇది చేరునాటికి నీవు అక్కడే ఉంటావని ఆశ.

నీవు తప్పు చదువుకొనలేదు. తప్పు చెప్పినవాడిని నేను. ఈ మాట నీకు మాత్రమే రాసి ఊరుకొనుట చాలదు గనుక, జరిగినదంతా రాస్తున్నాను.

జూలైలో నాలుగో పుట నాకు అర్థం కాలేదు. టెక్కలి కళాశాలలో ఇంగ్లీషు చెప్పే రామూర్తి గారిని అడుగుదామని బస్సెక్కాను. ఆయన గతంలో ఒకసారి నలుగురి ఎదుట, "రాత్రిబడి డిగ్రీకి పగటిపూట వెలుగుండదోయ్" అన్నారు. కళాశాల గేటు వరకు పోయి, ఆ మాట గుర్తు వచ్చి, బస్టాండులో టీ తాగి తిరిగి వచ్చాను. ఆ రాత్రే నీకు అలివి వల కథ రాశాను. తెలియనిచోట మన పేట న్యాయమును అతికించాను. ప్రేమ్‌కుమార్ చెప్పినది నీవు రాసినప్పుడు నాకు అనుమానం కలిగినది. అనుమానం కలిగినందుకే అంత కఠినంగా రాశాను.

నీకు ఆరు ప్రశ్నలు పోయినవని తెలిసిన తరువాత నాకు నిద్ర పట్టలేదు. సెప్టెంబరు ఇరవై నాలుగున కర్మాగారంలో అందరూ వెళ్ళినాక, హాజరు పుస్తకం మీద పదకొండు జీడిగింజలు పేర్చి, పుటలోని మాట ఒక్కొక్కటే చదువుతూ కదిపాను. చివరి గింజకు అవతల మరొక గింజను పెట్టగానే అర్థమైనది. అంకె ఒక్కటి చాలదు. చోటు కూడా ఉండాలి, వరుస చివరనో, వరుసకు వెనుకనో. రెండూ కలిస్తేనే అర్హత. ఆరుగురన్నది గరిష్ఠంగా ఆరుగురని. ప్రతిసారీ ఆరుగురు ఉంటారని కాదు. ఇది నా కళ్ళెదుట, నా చేతితో పేర్చిన గింజలలో ఉన్నది.

అప్పటికి నీ ఆటకు పందొమ్మిది రోజుల గడువున్నది. మరునాడు తపాలా కార్యాలయానికి పోయి టెలిగ్రాము ఫారం మీద "నేను రాసినది తప్పు" అని రాశాను. గవాక్షం వెనుక కూర్చున్న అతను రాత్రిబడిలో నా తోటివాడు. అతడు ఆ మాట చదివి, లెక్కపెట్టి, పంపాలి. నేను ఫారం చించి జేబులో వేసుకొన్నాను. ఆ మరునాడు "నా వివరణలో లోపమున్నదని కాదు" అని నీకు రాశాను.

ఆ వాక్యం రాయకుండా ఉంటే నీవు అడిగి ఉండేవాడివి. నిన్ను సముద్రానికి పంపినది ఆ వాక్యమే. క్షమించమని అడుగుట కూడా నాకు సులభమైన దారి అవుతుందేమోనని సంకోచిస్తున్నాను.

కర్మాగారంలో భోజనాల వేళ అందరికీ చెప్పాను. అప్పన్న నవ్వలేదు. "అలాగేటి బాబూ" అని గిన్నె పట్టుకొని అవతలికి పోయినాడు.

నీవు వచ్చే రోజున పలాస స్టేషనులో ఉంటాను. బండి ఏదో తెలుపుము.

ఢిల్లీరావు


మంచినీళ్ళపేట,
3 డిసెంబరు 2000

బావా,

నేను వచ్చి పదకొండు రోజులైంది. పలాసలోనే దిగాను. బండి ఏదో తెలపలేదు, అయినా విమానం తేదీని బట్టి వచ్చే బండ్లన్నీ చూస్తున్నట్టున్నావు. నువ్వు ప్లాటుఫారం మీద గొడుగు పట్టుకుని ప్రతి పెట్టెలోకీ తొంగిచూడడం కనబడింది. నేను వెనక పెట్టెలోంచి అవతలి వైపు దిగి, పట్టాలు దాటి బస్సెక్కేశాను. గంటన్నర దూరానికి ఉత్తరం రాస్తున్నానని కన్నమ్మ నన్ను పిచ్చోడంటోంది.

ఆమెకి అంతా చెప్పేశాను, అన్న చెయ్యి సంగతి కూడా. చేపల గంప దించి నా పక్కన కూర్చుంది. తర్వాత, "బయమేత్తే బయమని సెప్పాల గానీ, ఎడారికెలిపోతారేటి మావా ఎవులైనా?" అంది. నాతో పాటు ఒడ్డు దాకా వచ్చింది.

నిన్న మన పేట ఢిల్లీబాబు నావ ఎక్కాను. ఎక్కేటప్పుడు వాడు, "ఏరా, గొలుసులు మోసినోడికి తెడ్డు బరువైపోనాదేటి?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రెండో కెరటం లేచేసరికి నావ అడుగున కూలబడి అడ్డకర్రని కావలించుకున్నాను. ఎవరేం చేశారో తెలియదు. కళ్ళు తెరిచేసరికి కెరటాలు దాటేశాం, నా తెడ్డు ఇంకెవరి చేతిలోనో ఉంది. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. వెనక్కొచ్చేదాకా ఒక్కడూ నా మొహం చూడలేదు. వాళ్ళందరికీ ఇప్పుడు తెలిసిపోయింది.

ఎల్లుండి మళ్ళీ రమ్మన్నాడు ఢిల్లీబాబు. వెళ్తాను. వెళ్ళక ఏం చేస్తాను.

నీ పెద్ద ఉత్తరం అక్కడే అందింది. దాన్ని ప్రేమ్‌కుమార్‌కి చదివి చెప్పాను, వాడిమీద అరిచినందుకు ఆ మాత్రం చెయ్యాలనిపించింది. అందులో నువ్వేమీ దాచలేదు, అందరి ముందూ ఒప్పుకున్నావు. అది నీకెంత కష్టమో నాకు తెలుసు.

నువ్వు పేటకి రావద్దు బావా. నేనూ పలాస రాను. నిన్ను చూస్తే తిడతానని కాదు. నిన్ను చూస్తే, ఆ గొడుగూ, ఆ మొహం చూస్తే, "పరవాలేదులే" అనేస్తాను. నాకు తెలుసు, అనేస్తాను. అది అనడానికి నాకింకా మనసు రావడం లేదు.

అప్పలరాజు